తిన్నది ఒంటబట్టాలి: యల్లాప్రగడ సుబ్బారావు కథ

ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వాళ్ళకి తిండి లేక కాదు. ఇంట్లో అన్నం ఉంది, పెట్టే అమ్మ ఉంది, తిన్నారు కూడా. కానీ తిన్నది తిన్నట్టే పోయింది. విరేచనాలు ఆగలేదు, నాలుక పూసింది, రక్తం తగ్గిపోయింది, మనిషి రోజురోజుకీ ఎండిపోయాడు. ఆ జబ్బు పేరు స్ప్రూ. మన ఆయుర్వేద వైద్యులు దాన్ని సంగ్రహణి లెక్కలో చూసేవాళ్ళు. పోయినవాళ్ళ పేర్లు పురుషోత్తం, కృష్ణమూర్తి. అప్పుడు మద్రాసులో డాక్టర్ చదువుతున్న వాళ్ళ సోదరుడి పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మా భువనగిరి దిక్కు పిల్లలు బక్కగా ఉంటే పెద్దవాళ్ళు ఒక మాట అంటారు, తిన్నది పెయ్యికి పడ్తలేదని. కోస్తావాళ్ళైతే ఒంటబట్టట్లేదు అంటారు. మాట ఏదైనా అందులో మంచి సైన్స్ ఉంది. తినడం ఒక పని, అరగడం ఇంకో పని, అరిగింది ఒంట్లో ప్రతి కణానికీ చేరడం మూడో పని. మూడోది ఆగిపోతే మొదటి రెండూ వేస్ట్. సుబ్బారావు గారి జీవితం మొత్తం చదివితే నాకు అనిపించింది ఏంటంటే, ఆయన తెలిసో తెలియకో ఈ మూడో పని చుట్టూనే తిరిగారు. పేగు గోడ దగ్గర మొదలుపెట్టి కాలేయం, కండరం, శోషరస నాళాల దాకా, అన్నం వెళ్ళే రూట్ అంతటా ఆయన చేతి గుర్తులు ఉన్నాయి.

మనలో చాలామందికి ఆయన పేరు జీకే బిట్ లాగానే తెలుసు. అందుకే ఈసారి మన మ్యాగజైన్ కోసం ఆయన గురించి కొంచెం వివరంగా రాస్తున్నా. బైపీసీ వాళ్ళు కాని ఫ్రెండ్స్ భయపడొద్దు, నేనూ ఎంపీసీనే.

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు 1895లో పశ్చిమ గోదావరి భీమవరంలో పుట్టారు. అప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ ఉద్యోగి, ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం మానేశారు. తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు, డబ్బులకి కటకట. పిల్లవాడికి చదువు మీద పెద్ద ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీ వెళ్ళి, అక్కడికి వచ్చే యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని బయల్దేరాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంటుంది. మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తర్వాత తల్లి తన ఒంటి మీది బంగారం ఇచ్చి మరీ చదివించింది. మెట్రిక్ మూడో ప్రయత్నంలో పాసయ్యారు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి. బ్యాక్‌లాగ్స్ ఉన్న ఫ్రెండ్స్ ఈ వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మఠంలో సన్యాసిగా చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్ళు కూడా డాక్టర్ చదివితే సేవ ఇంకా బాగా చేయొచ్చని చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీకి వచ్చారు. ఫీజులకి స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు సాయం చేశారు. 1919లో ఆ మూర్తి గారి కూతురు శేషగిరి గారితోనే ఆయన పెళ్ళయింది.

అవి గాంధీజీ పిలుపుతో దేశమంతా ఖద్దరు కడుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కి కూడా ఖద్దరు బట్టలు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఫలితం, పూర్తి ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగమూ రాలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే లెక్చరర్‌గా చేరారు. ఆయనకి కూడా అన్నదమ్ముల్లాగే స్ప్రూ వచ్చిందని, లక్ష్మీపతి గారి వైద్యంతోనే కోలుకున్నారని చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు.

అంటే చూడండి, ఒకే జబ్బు ఆ ఇంట్లో ఇద్దరిని తీసుకెళ్ళింది, మూడో మనిషిని వదిలిపెట్టింది. డాక్టర్ చదివినా ఇద్దరినీ కాపాడుకోలేకపోయిన ఆ మూడో మనిషి ఇక ఆసుపత్రి పెట్టుకుని ప్రాక్టీస్ చేసుకుందామనుకోలేదు. జబ్బుకి మందు ఎక్కడ పుడుతుందో అక్కడికే వెళ్దామనుకున్నారు.

అసలు స్ప్రూలో ఏం జరుగుతుంది?

ఇక్కడ కాసేపు ఆయన్ని ఆపి, మన పొట్టలోకి వెళ్దాం. మధ్యాహ్నం మనం మెస్‌లో అన్నం, పప్పు, నూనె తేలే కూర తిన్నామనుకోండి. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్ అవుతుంది. పప్పులోని ప్రోటీన్ అమైనో ఆమ్లాలు అవుతుంది. నూనె కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది. అరగడం అంటే ఇంతే, పెద్ద వాటిని చిన్నవి చేయడం. కానీ ఇదంతా ఇంకా పేగు గొట్టంలోనే ఉంది. ఒక రకంగా చెప్పాలంటే అది ఇంకా మన ఒంటి బయటే ఉన్నట్టు లెక్క. గొట్టం గోడ దాటితేనే లోపలికి వచ్చినట్టు.

ఆ గోడ చిన్నపేగుది. దాని లోపలి వైపు తువాలు మీది పోగుల్లాగా లక్షల కొద్దీ సన్నటి మొలకలు ఉంటాయి. మా ఇంగ్లీష్ మీడియం పుస్తకంలో విల్లై అని చదివాం, తెలుగు మీడియం పుస్తకంలో ఆంత్రచూషకాలు అంటారు. పీల్చుకునేవి అని అర్థం, నాకైతే తెలుగు పేరే బాగా అనిపించింది. ఈ మడతలు, మొలకలు అన్నీ పరిస్తే పేగు లోపలి వైశాల్యం దాదాపు 30 చదరపు మీటర్లు వస్తుందని ఇప్పటి లెక్క. అంటే ఒక చిన్న ఫ్లాట్ అంత గోడ మన పొట్టలో మడతపెట్టి ఉంది.

గోడ దాటడం కూడా ఊరికే జరగదు. ప్రతి పదార్థానికీ వేరే తలుపు. గ్లూకోజ్ ఒంటరిగా రాలేదు, సోడియంతో చేయి కలిపి రావాలి. విరేచనాలైనప్పుడు తాగే ఓఆర్ఎస్‌లో ఉప్పూ చక్కెరా కలిపి ఉండేది ఇందుకే, అవి రెండూ జంటగా లోపలికి వెళ్తే వెనకాలే నీళ్ళు వస్తాయి.

దాటాక రెండు రోడ్లు. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, ఫోలిక్ యాసిడ్ లాంటి నీళ్ళలో కరిగే విటమిన్లు సన్నటి రక్తనాళాల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయం టోల్‌గేట్ లాంటిది. కొంత దాచుకుంటుంది, కొంత మారుస్తుంది, విషం ఏదైనా ఉంటే విరగ్గొడుతుంది, మిగతాది గుండెకి పంపుతుంది. కొవ్వుది మాత్రం వేరే రోడ్డు. అది చిన్న చిన్న ప్యాకెట్లుగా మారి, ఆంత్రచూషకాల మధ్యలో ఉండే శోషరస నాళాల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఛాతీలో పైకి పాకి, ఎడమ వైపు మెడ కింద పెద్ద సిరలో కలుస్తుంది. అంటే కాలేయం టోల్‌గేట్‌ని బైపాస్ చేసి నేరుగా హైవే ఎక్కుతుంది. బాగా నూనె తిన్నాక రక్తం తీస్తే పైన తేటగా ఉండాల్సిన భాగం పాలలాగా కనిపించేది ఈ ప్యాకెట్ల వల్లే. ఈ రెండో రోడ్డుని గుర్తుపెట్టుకోండి, సుబ్బారావు గారు దానికీ వస్తారు.

స్ప్రూలో గోడ మీది మొలకలు అరిగిపోయి చదునైపోతాయి. తలుపులే పోతే సరుకు ఎలా వస్తుంది? కొవ్వు పీల్చుకోలేక మలంలో పోతుంది. ఫోలిక్ యాసిడ్ రాదు, తర్వాత బీ12 రాదు. ఈ రెండూ లేక ఎముక మజ్జలో రక్తకణాలు సరిగ్గా తయారవ్వవు, రక్తహీనత వస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పేగు గోడ మీది కణాలు మూడు నుంచి ఐదు రోజులకి ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఒంట్లో ఇంత స్పీడుగా మారే కణాలు చాలా తక్కువ. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కాపీ అవ్వాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఫోలిక్ యాసిడ్ లోపలికి రావాలంటే పేగు కణాలు బాగుండాలి. సీఎస్ఈ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో దీన్నే డెడ్‌లాక్ అంటాం. ఒకటి రెండో దాని కోసం ఆగింది, రెండోది మొదటి దాని కోసం ఆగింది. పురుషోత్తం, కృష్ణమూర్తి లాంటివాళ్ళు ఆ లూప్‌లో చిక్కుకుపోయారు. ఎంత పౌష్టికాహారం పెట్టినా లాభం లేదు, అది వెళ్ళాల్సిన తలుపే మూసుకుపోయింది.

బోస్టన్‌లో నీలం రంగు

సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా బోస్టన్ చేరారు. ప్రయాణానికి మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు సాయం చేశాయి. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద డిప్లొమా చదివారు. ఇండియా డిగ్రీకి అక్కడ డాక్టర్ ఉద్యోగం ఇవ్వరు కాబట్టి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ పొట్టపోసుకున్నారు. ఒక డాక్టర్ రోగుల కింద బెడ్‌పాన్లు తీయడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు ఎంఎస్‌కి వెళ్ళి పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో పనిచేసే మన సీనియర్లకి వందేళ్ళ ముందు సీనియర్ ఆయన.

తర్వాత బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. ఫిస్క్ ఇచ్చిన పని వినడానికి చాలా బోరింగ్‌గా ఉంటుంది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టాలి. సుబ్బారావు దాన్ని రంగుతో కొలిచేలా చేశారు. కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది, ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఇప్పటికీ చేయిస్తారు.

ఇదే పద్ధతితో కండరం రసాన్ని కొలుస్తుంటే రంగు సరిగ్గా రాలేదు. రావాల్సినంత తొందరగా రాకుండా నెమ్మదిగా ముదిరింది. వేరేవాళ్ళైతే ప్రయోగం తేడా కొట్టిందని పారబోసేవాళ్ళు. వీళ్ళిద్దరూ మాత్రం కండరంలో ఏదో నిలకడ లేని ఫాస్ఫేట్ పదార్థం ఉంది, అది మెల్లగా విరుగుతోంది, అందుకే రంగు లేటు అని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళకి 1929లో కండరం నుంచే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. అంతకుముందు కండరం బలమంతా లాక్టిక్ యాసిడ్ తయారవడం వల్లే వస్తుందని అనుకునేవాళ్ళు. కండరాల మీద పనికి 1922లో హిల్, మేయర్‌హాఫ్‌లకి నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వచ్చాక ఆ సిద్ధాంతం నిలబడలేదు.

అన్నం రూట్‌లో ఏటీపీ ఎక్కడ వస్తుంది? చివరి స్టాప్‌లో. గ్లూకోజ్ కణంలోకి చేరి, మండి, ఏటీపీగా మారితేనే మనం పరుగెత్తగలం, ఆలోచించగలం. మొదటి పది సెకన్ల స్ప్రింట్‌కి ఫాస్ఫోక్రియాటిన్ సాయం వస్తుంది, తర్వాతంతా అప్పటికప్పుడు తయారయ్యే ఏటీపీయే. ఒంట్లో ఏటీపీ ఎప్పుడు చూసినా కొద్దిగానే ఉంటుంది. అదే మళ్ళీ మళ్ళీ రీఛార్జ్ అవుతూ రోజు మొత్తంలో మన బరువుకి దగ్గరగా ఖర్చవుతుంది.

నాకు ఆశ్చర్యంగా అనిపించింది ఇంకొకటి. ఏటీపీ చివరి స్టాప్‌లోనే కాదు, మొదటి గేటు దగ్గర కూడా ఉంది. గ్లూకోజ్‌కి తోడుగా లోపలికొచ్చిన సోడియంని పేగు కణం మళ్ళీ బయటికి తోడేయాలి, లేకపోతే తలుపు జామ్ అవుతుంది. ఆ తోడే పంపు నడిచేది ఏటీపీతోనే. అంటే అన్నం లోపలికి రావడానికి కూడా నిన్నటి అన్నం కొంత ఖర్చుపెట్టాలి.

పేరు ఎక్కడికి పోయింది?

1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. అదే ల్యాబ్‌లో జూనియర్‌గా ఉండి, తర్వాత 1988లో నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలని ఫిస్క్ అసూయతో బయటికి రానివ్వలేదని, అందుకే వాటిని చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని చెప్పాడు. సుబ్బారావు మాత్రం ఫిస్క్ గురించి గొడవ చేసినట్టు ఎక్కడా కనిపించదు. ఇంటర్వ్యూలు, ఫొటోలు, పేటెంట్ల మీద తన పేరు, వీటి వెంట ఆయన పడలేదు.

ఇంటి వైపు కథ ఇంకా కష్టంగా ఉంటుంది. చదువయ్యాక వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఇండియా రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు, తండ్రి ఒక్కసారి కూడా చూడలేదు. శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు మనం ఈ భాగాన్ని ఒక లైన్‌లో దాటేస్తాం. ఆయన కనుక్కున్న మందుల లెక్క రాసేటప్పుడు ఆమె పోగొట్టుకున్న ఏళ్ళ లెక్క కూడా పక్కన ఉండాలని నాకనిపిస్తుంది. ఆమె ఆ ఏళ్ళు తనకి తానుగా ఇవ్వలేదు కదా, అవి అలా పోయాయి.

కాలేయం నుంచి దొరికిన తాళం

1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు రోజూ కాలేయం తినిపిస్తే ఒక రకం ప్రాణాంతక రక్తహీనత తగ్గుతుందని చూపించారు. కాలేయంలో ఏదో ఉంది. ఏముంది? పేగు నుంచి వచ్చే సరుకంతా మొదట ఆగేది అక్కడే కాబట్టి, విటమిన్లకి అది గోడౌన్ లాంటిది. సుబ్బారావు 1930లలో ఆ గోడౌన్‌లో వెతకడం మొదలుపెట్టారు. కాలేయం రసాన్ని విడగొట్టి, విడగొట్టి ఒక్కో పదార్థాన్నీ చూసుకుంటూ పోయారు.

1940లో ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ పరిశోధన డైరెక్టర్ అయ్యారు. ల్యాబ్ పెద్దది, టీం పెద్దది, డబ్బులున్నాయి. అప్పటికి ఈ పజిల్‌లో చాలామంది చేతులు పడ్డాయి. లూసీ విల్స్ అనే ఇంగ్లీష్ డాక్టర్ 1931 నాటికే బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతని ఈస్ట్ పదార్థంతో తగ్గించి చూపింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి తీసిన పదార్థానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు, లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి. కానీ టన్నుల కొద్దీ ఆకు నుంచి చిటికెడు వస్తే రోగులకి ఏం ఇస్తారు? సుబ్బారావు టీం దాన్ని కాలేయం నుంచి స్ఫటికాలుగా తీసింది, దాని నిర్మాణం తేల్చింది, ల్యాబ్‌లోనే తయారుచేసింది. 1946లో ఆ పేపర్ 16 మంది పేర్లతో వచ్చింది, అందులో ఆయనది ఒక పేరు.

ఇప్పుడు మన డెడ్‌లాక్‌కి వద్దాం. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్ ఒక పొడుగాటి తోకతో ఉంటుంది. పేగు గోడ మీద ఉండే ఎంజైమ్ ఆ తోకని కత్తిరిస్తేనే అది తలుపులో పడుతుంది. స్ప్రూ రోగికి గోడే పాడైంది, కత్తెర కూడా సరిగ్గా పనిచేయదు. ల్యాబ్‌లో చేసిన ఫోలిక్ యాసిడ్‌కి ఆ తోక ఉండదు. మిగిలి ఉన్న కొద్దిపాటి గోడ నుంచే అది లోపలికి జారుతుంది. లోపలికి వెళ్ళగానే కొత్త కణాలు పుడతాయి, గోడ కొంచెం బాగవుతుంది, దాంతో ఇంకొంచెం లోపలికి వస్తుంది. లూప్ తిరగబడింది. అమెరికా డాక్టర్ టామ్ స్పైస్ క్యూబాలో, పోర్టోరికోలో స్ప్రూ రోగులకి దీన్ని ఇచ్చి చూశాడు. నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది.

అక్కడితో అయిపోలేదు. అదే లెడర్లీలో సుబ్బారావు పర్యవేక్షణలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది, 1948లో ప్రకటించారు. ఈ రోజుకీ ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు ముఖ్యంగా రాసేవి రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్, కొన్ని నెలల పాటు, అవసరమైతే బీ12 తోడుగా. ఒక తమ్ముడో అన్నో ఆ జబ్బుతో పోయిన ఇంటి మనిషి, ఖండాలు దాటి వెళ్ళి నడిపిన ల్యాబ్ నుంచి, ఆ జబ్బుకి కావలసిన రెండు మందులూ బయటికి వచ్చాయి. ఆ ఇద్దరికీ మాత్రం దాదాపు ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది.

ఫోలిక్ యాసిడ్ వెనక ఇంకో మందు కూడా పుట్టింది. వేగంగా పెరిగే కణాలకి అది కావాలంటే, క్యాన్సర్ కణాలకి కూడా కావాలి కదా. దాన్ని పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థాలు లెడర్లీలో తయారుచేశారు. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే, 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితం వచ్చింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. ఆ మందు తీసుకునేవాళ్ళకి నోరు పూయడం, కడుపు పాడవడం ఎందుకో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది, పేగు గోడ కణాలు కూడా స్పీడుగా పెరిగేవే కాబట్టి.

రెండో రోడ్డు, మా నల్గొండ దిక్కు

కొవ్వు వెళ్ళే శోషరస రోడ్డుని గుర్తుపెట్టుకోమన్నా కదా. ఆ నాళాల వ్యవస్థ ఒళ్ళంతా ఉంటుంది. కాళ్ళల్లో ఉండే ఆ నాళాల్లో ఒక సన్నటి పురుగు కాపురం పెడితే వచ్చేదే బోదకాలు. దోమ కుడితే వస్తుంది, ఏళ్ళ తరబడి బయటికి తెలియదు. రోడ్డు బ్లాక్ అయ్యాక నీరు కిందే నిలిచి కాలు స్తంభంలా వాస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులకి ఈ ఫైలేరియా అంటుకుంది. సుబ్బారావు టీం వందల పదార్థాలు పరీక్షించి 1947లో హెట్రజాన్ అనే మందుని బయటపెట్టింది. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, మన ఆశా వర్కర్లు పిలిచేది డీఈసీ మాత్ర.

నల్గొండ, మహబూబ్‌నగర్ ఊళ్ళల్లో బోదకాలు ఉన్న ముసలివాళ్ళని చూడనివాళ్ళు తక్కువ. మన రాష్ట్రంలో వాళ్ళకి పింఛన్ కూడా ఉంది. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇంటింటికీ తెచ్చి పంచిన రోజులు మా తరం చిన్నప్పుడు చూసింది. చాలామంది మాత్రలు చేతిలోకి తీసుకుని, తర్వాత వేసుకుంటామని చెప్పి, గూట్లో పెట్టేస్తారు. కారణం భయం. వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తాయి. అవి ఎక్కువగా వచ్చేది ఒంట్లో పురుగు పిల్లలు ఉన్నవాళ్ళకే, అవి చచ్చేటప్పుడు ఒళ్ళు అలా స్పందిస్తుంది. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అంటే జ్వరం వచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు, కాలు బాగానే ఉన్నా సరే, వేసుకోవాలి. ఎందుకంటే వాచిపోయిన కాలుని ఈ మాత్ర మామూలుగా చేయలేదు. వాపు రాకముందే పనికొస్తుంది, ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. 2027 నాటికి ఫైలేరియాని దేశంలో లేకుండా చేయాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. పాతికేళ్ళు అక్కడ బతికినా అమెరికా పౌరుడు కాలేదు. నోబెల్ రాలేదు. తర్వాత ఒక శిలీంధ్రానికి ఆయన పేరు కలిపి సుబ్బరోమైసిస్ అని పెట్టారు. 1995లో వందేళ్ళ జయంతికి మన తపాలా శాఖ స్టాంప్ వేసింది.

గవర్నమెంట్ స్కూళ్ళలో పిల్లలకి వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అంగన్‌వాడీలో గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో కూడా అంతే. కడుపులో తిప్పుతోందని, మలం నల్లగా వస్తోందని చాలామంది వాటిని కూడా పక్కన పడేస్తారు. నల్లగా రావడం ఐరన్ వల్ల, భయపడాల్సింది కాదు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది, నిమ్మకాయ నీళ్ళతో అయితే ఐరన్ బాగా పడుతుంది, టీతో మాత్రం వద్దు. మీ ఇంట్లో చెల్లికో, అక్కకో, వదినకో ఈ మాత్రలు వస్తుంటే వేసుకుంటున్నారో లేదో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఒకసారి అడగండి.